నగర పాలనను మెదడుకు అప్పగించాలని మనవి

మారతహళ్ళిలోనూ కృష్ణరాజపురంలోనూ కాపురముంటున్న మన తెలుగువారు బెంగళూరు రోడ్ల తవ్వకాల మీద చేసే ఫిర్యాదులన్నిటినీ ఓపికగా విన్న మీదట నాకు బోధపడినది ఒకటే: తవ్వినవారి తప్పేమీ లేదు, తవ్వుతూ ఉండగా మన కంట పడనివ్వడమే తప్పు. జనానికి కనబడకుండా పని ముగించగల అధికారి నగరంలో దొరకరు గానీ, ప్రతి పౌరుడి పుర్రెలోనూ ఒకరు చాలాకాలంగా కొలువు చేస్తున్నారు.

వారి దక్షత చిత్తగించండి. కంటికి సూక్ష్మంగా చూడగల మేర చాచిన చేతి బొటనవేలి వెడల్పును మించదు కనుక, కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి మరొక చోటికి గెంతుతుంది. సకేడ్‌లనే ఈ గెంతుల్లో పెద్దవాటి వేగం సెకనుకు 500 డిగ్రీలు దాటుతుంది. అంత వేగంలో రెటీనా మీద లోకమంతా అలికినట్టు పాకిపోతుంది. అయినా ఇంతవరకు ఏ పౌరుడూ అర్జీ పెట్టుకోలేదు. నమ్మనివారు అద్దం ముందు నిలబడి తమ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూసుకోవచ్చు. కళ్ళు కదలడం పక్కనున్న ఇల్లాలికి కనబడుతుంది, తమకు కనబడదు. ఎర్డ్‌మన్, డాడ్జ్ అనే పరిశోధకులు 1898లోనే ఈ సంగతి రాసిపెట్టారు.

గెంతు వేళ మెదడువారు చూపుకు పూర్తిగా తెర దించేస్తారనుకుంటే పొరపాటు. సన్నని గీతల వివరాలనూ రంగులనూ చాలావరకు పోనిచ్చి, కదలిక కబురు మోసుకొచ్చే దారినే గట్టిగా బిగిస్తారు. గెంతుకు ముందూ వెనకా కనబడే స్పష్టమైన దృశ్యాలు మిగిలిన మరకను కప్పేస్తాయి. పత్రికలన్నిటినీ మూయించకుండా ఒక్క వార్తను మాత్రమే ఆపగలగడం, విజ్ఞులు గమనించాలి, చిన్న విద్య కాదు.

రికార్డులు దిద్దడంలో వీరికి సాటి లేరు. సిల్క్‌బోర్డు కూడలిలో ఎర్రదీపం పక్కన తిరిగే అంకెల వైపు చటుక్కున చూపు తిప్పితే, మొదట కనబడిన అంకె తక్కినవాటికన్నా ఎక్కువసేపు నిలిచినట్టు తోస్తుంది. అది పోలీసువారి కుట్ర కాదు. చూపు దిగిన తరువాత కనబడిన దానిని, గెంతు మొదలుకాక మునుపటి నుంచే అక్కడ ఉన్నట్టు మెదడు వెనక తేదీ వేసి నమోదు చేస్తుంది. అంకెలు మారే గడియారంతో లండన్ పరిశోధకులు 2001లో దీనిని కొలిచారు. మనవారూ వెనక తేదీలు వేయగలరు గానీ ఆడిట్‌లో దొరికిపోతారు.

అయితే అసలు రహస్యం దాచడంలో కన్నా ముందుగా చెప్పడంలో ఉంది. కంటి కండరాలకు ఆజ్ఞ వెళ్ళేటప్పుడే దాని నకలు ఒకటి చూపు వ్యవహారాలు చూసే శాఖలకూ అందుతుందని 1950లో శాస్త్రవేత్తలు స్పెరీ ఒక వైపు, ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌ష్టెడ్ మరొక వైపు విడివిడిగా వాదించారు. ఈ నకలు మధ్య మెదడు నుంచి, కబుర్లు అందించే లోపలి కూడలి థాలమస్ మీదుగా, మెదడు ముందు భాగానికి వెళ్ళే దారిని సొమ్మర్, వుర్ట్జ్ అనే పరిశోధకులు 2002లో కోతుల్లో చూపారు. అంతకు పదేళ్ళ ముందే కోతుల మెదడులో మరొక వింత బయటపడింది: కన్ను ఇంకా బయలుదేరకముందే, గెంతు తరువాత తమ వాటాకు రాబోయే చోటి విషయాలకు కొన్ని కణాలు స్పందించడం మొదలుపెడతాయి. ఇక్కడేమో సోమవారం తారు పోసిన శాఖ సంగతి మంగళవారం గొట్టాలు దించే శాఖకు తెలియదు. కోతి మెదడులో ఉన్న ఉత్తరప్రత్యుత్తరాలు మనకు లేవని దీనర్థం.

నకలు పంపకపోతే ఏమవుతుందో ఎవరైనా పరీక్షించవచ్చు. ఒక కన్ను మూసి, రెండో కంటి మూలను రెప్ప మీద నుంచి వేలితో మెల్లగా కదిపితే లోకం ఊగుతుంది. అది ఆజ్ఞ లేని కదలిక, సాంకేతికంగా అనుమతి లేని తవ్వకం.

ఈ నియామకానికి ఒకే ఒక్క అభ్యంతరం రావచ్చు. చదివేటప్పుడు కన్ను వేసే గెంతుకు పట్టేది సుమారు 30 మిల్లీసెకన్లు; తెర తీసేసరికి చూపు కొత్తచోట కుదురుకొని ఉంటుంది. తెర దించడం మన గుత్తేదారులకు ఒక పూటలో నేర్పవచ్చు. తీసేసరికి అవతల రోడ్డు ఉండాలన్న షరతును టెండరు పత్రంలో చేర్చడానికి వీలుందేమో వాకబు చేస్తున్నాను.