పాసుపుస్తకమా, పంటకాలువా?

ఏరువాక పున్నమి నాటి సాయంత్రం, టెక్కలికి చేరువలోని ఒక ఊరి గ్రంథాలయం అరుగు మీద ఈ వాదం జరిగింది. సేద్యం పేరుతో ప్రభుత్వం వెచ్చించే రూపాయి రైతు ఖాతాలో పడాలా, లేక పొలానికి నీరు తెచ్చే పనుల మీద ఖర్చు కావాలా అన్నది ప్రశ్న. పనుల పక్షాన నిలిచిన పెద్దాయన వంశధార ఎడమ కాలువ మీద లస్కరుగా, అంటే తూములు ఎత్తి దించుతూ కాలువను చూసుకునే ఉద్యోగిగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. నగదు పక్షాన మాట్లాడినది ఆయన మేనకోడలు. ఆమె పక్క మండలంలోని రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకురాలు. మధ్యవర్తిగా కూర్చున్నది నేను. వారి మాటలను రాత భాషలోకి మార్చినది కూడా నేనే గనుక, యాస పోయిన తప్పు నాది, వాదన మాత్రం పూర్తిగా వారిది.

మావయ్య: గొట్టా బ్యారేజీ దగ్గర బయలుదేరే ఎడమ కాలువ కింద సుమారు లక్షా 48 వేల ఎకరాల ఆయకట్టు ఉన్నదని కాగితం చెబుతుంది. కాగితం మీద ఆయకట్టు ఉండడం వేరు, మడిలోకి నీరు రావడం వేరు. ఎగువ రైతు ఊడుపులు ముగించి ఎరువు చల్లుకునే వేళకు, శివారు రైతు నారుమడిలో నెర్రెలు చూసుకుంటూ, రాత్రి పూట టార్చిలైటు పట్టుకుని కాలువ గట్టు వెంట నడుస్తూ ఉంటాడు. ఆ టార్చిలైటుతో నాకెదురైన వారిని నేను ఎన్నేళ్లు చూశానో! వారిలో ఒక్కడు కూడా నన్ను డబ్బు అడగలేదు. తూము ఎప్పుడు ఎత్తుతావని అడిగాడు. అటువంటి మనిషి ఖాతాలో ఏడాదికి మూడుసార్లు రెండేసి వేలు వేసి, నీకు సాయం చేశామని చెప్పడం నాకు సబబుగా తోచదు.

మేనకోడలు: ఆ రెండు వేలను తేలిక చేయకండి మావయ్యా. 2019 ఫిబ్రవరిలో ఆ రెండేసి వేలు ఇచ్చే కేంద్ర పథకం పీఎం కిసాన్ మొదలైనప్పుడు నేనూ మీలాగే నవ్వాను. ఇప్పుడు లెక్క చెబుతాను, వినండి. డీఏపీ బస్తా 1,350 రూపాయలు, యూరియా బస్తా సుమారు 267. ఒక డీఏపీ, రెండు యూరియా కొంటే రెండు వేలలో ఇంకా వంద మిగులుతుంది. ఎకరం, ఎకరంన్నర ఉన్న రైతుకు అది దమ్ము వేళ ఎరువుల కొట్టులో అరువు పెట్టకుండా ఆపే సొమ్ము. అరువు పెట్టిన వాడు ధర అడగలేడు, పంట వచ్చాక ఆ కొట్టువాడు చెప్పిన రేటుకే ధాన్యం తూస్తాడు. 2025 ఆగస్టులో రాష్ట్ర పథకం అన్నదాత సుఖీభవ మొదలై, కేంద్రం ఇచ్చే ఆరు వేలతో కలిపి ఏడాదికి 20 వేలు అయ్యాక ఆ ఊపిరి ఇంకొంచెం పెరిగింది. పైగా ఆ డబ్బు నేరుగా ఖాతాకే వస్తుంది. మీ పనుల డబ్బు అంచనాలు, మంజూరు, టెండరు, కొలతల పుస్తకం, బిల్లు అనే ఐదు గుమ్మాలు దాటి రావాలి. ఒక్కొక్క గుమ్మం దగ్గర ఎంత ఆగుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు.

మావయ్య: తెలుసు కాబట్టే ఇంకో లెక్క చెబుతాను. ఒక ఊళ్లో 250 పాసుపుస్తకాలు, బ్యాంకువి కాదు, భూమి పట్టాదారు పుస్తకాలు, ఉన్నాయనుకో. పుస్తకానికి 20 వేలు చొప్పున ఏడాదికి 50 లక్షలు. ఆ డబ్బు ఒకే ఒక్క ఏడాది ఊరి చెరువుకు పెట్టి చూడు. నీరు వదిలే మదుము కొత్తగా కట్టవచ్చు, గట్టు బలపరచవచ్చు, గర్భంలోని గుర్రపుడెక్క తీయించవచ్చు, కొండ మీది నుంచి వచ్చే గెడ్డను మళ్లీ చెరువులోకి తిప్పవచ్చు. మన జిల్లాలో బోరుబావుల మీద సేద్యం చేసేవారు తక్కువ. కాబట్టి 2004 నుంచి ఇస్తున్న ఉచిత విద్యుత్తులో మన వాటా కూడా తక్కువే. మన బతుకంతా చెరువు, గెడ్డ, కాలువ. పోనీ, ఆ 250 పేర్లలో నాగలి పట్టేవారు ఎందరున్నారు? సగం మంది విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. సంక్రాంతికి వచ్చి, కౌలు ధాన్యం డబ్బు చేసుకుని వెళ్తారు. సర్కారు వారిని రైతులంటుంది!

మేనకోడలు: ఆ పేర్లలో మీ పేరు కూడా ఉంది కదా మావయ్యా.

(అరుగు మీద నవ్వులు లేచాయి. పెద్దాయన కండువా సర్దుకున్నారు. చదివేవారికి ఒక చిన్న వివరణ ఇవ్వాలి. నెలకు పది వేలు, ఆ పైన పింఛను తీసుకునేవారికి పీఎం కిసాన్ వర్తించదు, కాని నాలుగో తరగతి ఉద్యోగులకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. లస్కరు పని ఆ తరగతిలోనిదే.)

మావయ్య: ఉంది. కాదనను. మా నాన్నగారి నుంచి వచ్చిన మూడెకరాలు నా పేరున ఉన్నాయి, మోకాళ్లు పనికిరాకుండా పోయాక కౌలుకిచ్చాను. డబ్బు పడుతోంది, తీసుకుంటున్నాను. కాని అమ్మా, అది నా వాదానికి దెబ్బ ఎలా అవుతుంది? సాక్ష్యం అవుతుంది గాని! సేద్యం మానేసిన నాకు సేద్యపు సాయం వస్తున్నదంటే, ఆ పథకం సేద్యాన్ని చూడడం లేదు, పుస్తకాన్ని చూస్తున్నది.

మేనకోడలు: ఇక్కడ నేను మీతో ఏకీభవిస్తాను, కాని మీరు అనుకునే చోటికి మాత్రం రాను. పొలంలో ఎవరున్నారో ప్రభుత్వానికి తెలియదని మీరు అంటున్నారు. తెలుసు. ప్రతి పంటకాలంలోనూ నేను గట్ల మీద తిరిగి, పొలంలో నిలబడి ఫోటో తీసి, ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో, ఎవరు సాగు చేస్తున్నారో ఈ-పంట అనే ప్రభుత్వ నమోదులో ఎక్కిస్తాను. మీ మూడెకరాల దగ్గర మీ కౌలుదారు పేరే రాశాను. ధాన్యం కొనుగోలుకు ఆ నమోదే ఆధారం. ఖరీఫ్ వరికి రైతు వాటా రెండు శాతం ప్రీమియంగా ఉండే పంటల బీమాకూ అదే ఆధారం. ఒక్క పీఎం కిసాన్ మాత్రం ఆ నమోదు వైపు చూడకుండా, భూమి ఎవరి పేరున ఉంటే వారికి వెళ్తుంది. రెండు రికార్డులూ ఒకే ప్రభుత్వానివి, ఒకే పొలానివి. చిరునామా తప్పిందని ఉత్తరాలు రాయడం మానేస్తామా?

మావయ్య: చిరునామా దిద్దడానికి చట్టాలు వచ్చాయి కదా. 2011లో ఒకటి, 2019లో ఇంకొకటి. ఏమి దిద్దారు?

మేనకోడలు: 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలలకు కార్డు ఇస్తుంది, భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని అందులోనే స్పష్టంగా ఉంది. అయినా దానికి యజమాని సంతకం కావాలి. చట్టం ఆగిపోయినది శాసనసభలో కాదు, ఆ సంతకం దగ్గర. ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే, లోపల మనిషి ఉండి కూడా ఊళ్లో లేరని చెప్పించిన ఇళ్లున్నాయి. భూమి పోతుందన్న భయం ఒక కారణం. రెండో కారణాన్ని ఎవరూ పైకి చెప్పరు. పాసుపుస్తకం మీద బ్యాంకులో పంట రుణం యజమానే తీసుకుని ఉంటాడు. మూడు లక్షల దాకా ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ పోయి నాలుగే. అదే పొలంలో దమ్ము చేసే కౌలుదారు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, అంటే ఏడాదికి 24. పంట రుణం నాలుగుకు తీసుకున్నవాడి చేతిలో పంట లేదు, పంట ఉన్నవాడి చేతిలో పంట రుణం లేదు.

(ఇంతసేపూ ఉత్సాహంగా వింటున్న అరుగు ఇక్కడ నిశ్శబ్దమైంది. కూర్చున్నవారిలో పాసుపుస్తకాల వారూ ఉన్నారు, కౌలుదారులూ ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా అందరూ కాసేపు రావిచెట్టు వైపు చూశారు.)

మావయ్య: నువ్వు చెప్పినదంతా నగదు పథకాల రోగమే. అందుకే పనులు కావాలంటున్నాను. కాలువ నీటికి పాసుపుస్తకం తెలియదు. ఎవరు మడిలో నిలబడితే వారి కాళ్లకే తగులుతుంది.

మేనకోడలు: తగులుతుంది, కాని ఎన్నాళ్లు? శివారు పొలానికి ఒక్క పంటకైనా నమ్మకంగా నీరు రావడం మొదలైతే, మరుసటి ఏడాది ఏమవుతుంది? ఎకరానికి ఐదు బస్తాలున్న కౌలు ఎనిమిదవుతుంది. పెరిగిన పంటలో పెద్ద ముక్క కౌలు రూపంలో మళ్లీ పాసుపుస్తకం దగ్గరికే నడిచి వస్తుంది. అంతేకాదు, భూమి ధర పెరిగితే అది కూడా ఆయనకే. నగదు పథకంలో యజమానికి వెళ్లే 20 వేలు అందరికీ కనిపిస్తాయి, అందుకే తిడతాము. కాలువ పనుల వల్ల ఆయనకు వెళ్లేది కనిపించదు, అందుకే పొగుడుతాము.

మావయ్య (కొంచెం ఆగి): ఈ మాట నేను ఆలోచించలేదు. నీరు వచ్చిన ఊళ్లలో కౌలు పెరగడం నా కళ్లతో చూశాను, కాని ఈ రెండింటినీ ముడివేయలేదు. అయినా ఒక సంగతి ఉంది. నీరు వస్తే ఊడుపు ఉంటుంది, కలుపు ఉంటుంది, కోత ఉంటుంది, నూర్పిడి ఉంటుంది. సెంటు భూమి లేని ఆడవాళ్లకు ఊళ్లోనే నాలుగు నెలల కూలి దొరుకుతుంది. మన వాళ్లు హైదరాబాదు మేస్త్రి పనులకు, చెన్నై కట్టడాలకు రైలెక్కకుండా కొందరైనా ఆగుతారు. మత్స్యకారులు గుజరాత్ దాకా పోయినట్లు మన రైతుకూలీలు కూడా పోవాలా? నీ నగదు కూలివాళ్ల ఇంటి గుమ్మం ఎక్కదు.

మేనకోడలు: కూలివాళ్లకు 2006 నుంచి ఉపాధి హామీ ఉంది. అందులో కూలి డబ్బంతా కేంద్రమే ఇచ్చేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం వంద రోజులను 125 చేసింది, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా ఆపవచ్చన్నది, ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలన్నది. రాష్ట్రం దగ్గర ఆ డబ్బు లేని ఏడాది రోజులు పెరుగుతాయో తరుగుతాయో చూడాలి. పై నుంచి వచ్చే పనుల సొమ్ము మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే కారణం. విభజన తరువాత వెనుకబడిన ఏడు జిల్లాలకు, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి, ఏడాదికి జిల్లాకు 50 కోట్లు చొప్పున ఇచ్చారు. మూడేళ్లు వచ్చాయి. 2018లో నాలుగో విడత ఇచ్చినట్లే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. అర్హత ఉన్న రైతు ఖాతాలో పడిన రెండు వేలను ఎవరూ అలా వెనక్కి తీసుకోలేరు.

మావయ్య: అర్హత లేదని ఆపిన ఖాతాలు నాకు తెలుసు గాని, సరే, దానిని వదిలేద్దాం. పనుల పక్షం వాడినై ఉండి పనులలోని లోపం నేనే చెబుతాను, నువ్వు చెబితే బాగుండదు. డబ్బంతా కొత్త పనులకే. కొత్త పనికి శిలాఫలకం ఉంటుంది, పూడికతీతకు ఉండదు. నా ఉద్యోగంలో ఒక షట్టరు మర బిగుసుకుపోతే, ఏటా రెండుసార్లు గ్రీజు పెట్టిస్తే సరిపోయే దానికి, ఎవరూ పెట్టించక చివరకు షట్టరే మార్చవలసి వచ్చింది. ఆ గ్రీజు డబ్బా కోసం నేను ఎన్ని అర్జీలు పెట్టానో! షట్టరు మార్చడానికి మాత్రం ఒక్క సంతకంతో మంజూరైంది. 1997 చట్టం నీటి సంఘాలను పెట్టింది, 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ సంఘం చేతిలో ఏటా ఇంత అని మరమ్మతు సొమ్ము ఉంటే, నేను అడిగే పనులలో సగం దానితోనే తీరుతాయి.

మేనకోడలు: ఆ సంఘంలో ఓటు ఎవరిదో చెప్పండి మావయ్యా. అక్కడ కూడా రికార్డులో పేరున్నవారినే చూస్తారు. భూస్వామి, కౌలుదారు ఇద్దరూ ఉంటే సాగు చేసేవాడికే ఓటని చట్టం అనవచ్చు గాక, కౌలు కాగితమే లేనివాడు తాను కౌలుదారునని ఎలా చెప్పుకోవాలి? తిత్లీ తుపాను నాటి మాట అనుకోండి. 2018 అక్టోబరు 11న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినప్పుడు ఏ కాలువ పనీ అక్కరకు రాలేదు, నగదు పరిహారమే దిక్కయింది. కొబ్బరి మొక్క పెట్టి కాయ చూడడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక అది కూడా చాలలేదన్నది వేరే సంగతి. ఆ పరిహారం లెక్కల్లో కూడా చెట్టు ఎవరిదని అడిగారు, చెట్టును నమ్ముకుని ఎవరు బతుకుతున్నారని అడగలేదు.

(పొద్దు వాలింది. తీర్పు చెప్పమని ఎవరో నన్ను అడిగారు. నాకు కూడా రెండెకరాల పాసుపుస్తకం ఉన్నదని, దానిని కూడా నేను సాగు చేయడం లేదని ఒప్పుకుని, తీర్పు చెప్పకుండా తప్పుకున్నాను. వాదం ముగిసిందని అందరూ లేస్తుండగా పెద్దాయన మాత్రం కూర్చునే ఉన్నారు.)

మావయ్య: ఆ సాగుదారు కార్డు ఫారం నీ దగ్గర ఉందా?

మేనకోడలు: సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

మావయ్య: సంతకం పెడితే నా పంట రుణం ఏమవుతుంది?

మేనకోడలు: ముందు దానిని తీర్చాలి. లేకపోతే అదే పొలం మీద ఆయనకు బ్యాంకువారు మళ్లీ రుణం ఇవ్వరు.

మావయ్య: 11 నెలలే కదా?

మేనకోడలు: 11 నెలలే మావయ్యా. వచ్చే ఏరువాకకు మళ్లీ మీ గుమ్మం ఎక్కుతాను.

మావయ్య: ఫారం ఇచ్చి వెళ్లు. మా అబ్బాయితో ఒకసారి ఫోనులో మాట్లాడాలి.