అల్లుడు కాస్తే హాబీ

వంటింటి గట్టు జిగురు ఇంకా వదల్లేదు. ఈ మంట చల్లారకముందే రాసేస్తున్నా. మా ఆడపడుచు భర్త బెంగళూరు నుంచి దిగారు. స్వీటు ప్యాకెట్టు కాదు, బార్లీ మాల్టు సంచి, బీరుకి చేదునిచ్చే హాప్స్ అనే పువ్వుల గుళికలు, ప్లాస్టిక్ డ్రమ్ము, రాగి గొట్టం చుట్ట తెచ్చారు. విజయనగరంలో, మే నెలలో, నా పొయ్యి మీద బీరు కాస్తారట.

కాచుకోండి, సరే. గంటసేపు మరిగిన ఆ కషాయం వడకట్టడానికి జల్లెడ చాల్లేదని, నేను నెయ్యి వడకట్టుకునే పల్చటి గుడ్డ అడక్కుండా తీసేసుకున్నారు. హాప్స్ పిప్పి ఆకుపచ్చ మడ్డిలా పట్టేసి చుక్క దిగదు. నేను పిండబోతే "పిండకు చెల్లెమ్మా, వగరు దిగిపోతుంది" అని పాఠం! ఈ ఇంట్లో రోజూ చింతపండు పిండేది ఎవరనుకుంటున్నారో.

అసలు తమాషా చల్లార్చడం దగ్గర. మరిగినదాన్ని గబగబా 20 డిగ్రీలకు దించాలట. వేడి మీద వేస్తే, దాన్ని పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది, తీరిగ్గా వదిలేస్తే ఈలోపు వేరే సూక్ష్మజీవులు చేరతాయి, ఉడికిన మొక్కజొన్న వాసన కూడా రావచ్చు. ఒప్పుకుంటా. అందుకని రాగి చుట్ట గిన్నెలో ముంచి, గొట్టంలోంచి కుళాయి నీళ్లు వదలాలి. అన్నయ్యగారూ, మా డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పూట చేతిమీద పడితే చుర్రుమంటాయి! గొట్టంలో పారే నీళ్లకంటే గిన్నెలోది చల్లగా ఎలా అవుతుంది? ఇది తెలియడానికి ఇంజినీరింగ్ చదవాలా? ఈయన చదివారు మరి. థర్మామీటరు నలభై దగ్గర మొరాయించింది, ట్యాంకు ఖాళీ అయింది, నీళ్లన్నీ పెరటి కాలవలోకి పోయాయి. కింద బకెట్టు పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. మొక్కలకైనా పోసేదాన్ని కదా.

చివరికి మా ఆయన బండేసుకుని వెళ్లి ఐసు దిమ్మ తెచ్చారు. గిన్నెని ఐసు టబ్బులో పెట్టి కలిపితే అప్పుడు దారికొచ్చింది. పాలు విరిగినట్టు తునకలు తునకలుగా కట్టి అడుక్కి దిగాయి. "ప్రొటీను విడిపోయింది, చూశారా!" అని ఫొటోల మీద ఫొటోలు. మా అత్తయ్య చోడంబలి కాచిన ప్రతిసారీ చల్లారేదాకా ఆగి, ఆ తర్వాతే పుల్ల మజ్జిగ కలుపుతుంది. ఆవిడకి ఎవరూ ఫొటో తీయలేదు.

లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన రాష్ట్రంలో నేరం. ఏజెన్సీలో గిరిజనులు ఇప్పసారా కాస్తే కుండలు పగలగొట్టి కేసు పెడతారు. ఇక్కడ అదే పని చేస్తే "అల్లుడుగారు ముచ్చట పడుతున్నారు, ఉండనీవే" అంటుంది అత్తయ్య.

ముచ్చటట! నా పెళ్లిలో మా తమ్ముడు స్నేహితులతో ఒక బీరు తాగాడని ఇదే నోటితో "తాగుబోతుల సంబంధం" అంది. ఈ రోజుకీ వాడు గుమ్మంలోకి వస్తే అత్తయ్య ముక్కు ఎగరేసి వాసన చూస్తుంది. ఇప్పుడు అదే అత్తయ్య, గది వేడెక్కిపోతుందని, బీరు డ్రమ్ముకి తడిగుడ్డ చుడుతోంది. మా పిల్లాడికి జ్వరం వస్తే కూడా ఇంత హడావిడి చూడలేదు.

సీసాలు తెరిచే రోజుకి రమ్మని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశా. మొదటి గ్లాసు వాడికే, అత్తయ్య చేతే పోయిస్తా.