హౌస్‌ఫుల్ బోర్డు, ఖాళీ గ్యాలరీ

మా మేనల్లుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న రెండో సెమిస్టరు బిల్లు వాట్సాప్‌లో పంపించాడు. బ్యాంకువాళ్లకి చూపించాలి కాబట్టి ప్రింటు తీయించి, కళ్లజోడు పెట్టుకుని, లైను లైనూ చదివాను. ట్యూషను, హెల్త్ ఇన్సూరెన్సు, టెక్నాలజీ ఫీజు. అర్థమయ్యాయి. అంటే, ఏడ్చినా తప్పవని అర్థమైంది. వాటి కింద ఇంకో లైనుంది. అథ్లెటిక్స్ ఫీజు.

ఫోన్ చేశాను.

"ఏంట్రా ఇది? నువ్వేమైనా ఆడుతున్నావా?"

"లేదు మావయ్యా. అందరికీ వేస్తారు. ఫుట్‌బాల్ టీముంది కదా, దానికి."

"పోనీ చూస్తావా?"

"శనివారం మ్యాచ్. శనివారం నాకు డైనింగ్ హాల్లో షిఫ్టు."

ఆడడు, చూడడు, డబ్బు మాత్రం కడతాడు. వీడి ట్యూషను కోసం మా అక్క గాజులు తాకట్టులో ఉన్నాయి. వాటి మీద వచ్చిన డబ్బులో కొంత, వాడికి పేరు కూడా తెలియని ఎవరో క్వార్టర్‌బ్యాక్, అంటే టీముని నడిపే ఆటగాడి, హెల్మెట్టుకి పోయింది. సరే, పాపం ఆ టీము ఎంత పేదరికంలో ఉందో, చందాలు ఎత్తుకోకపోతే బూట్లయినా లేని పరిస్థితేమో అని, మనసు కుదుటపరచుకుని, ఈ కాలేజీ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా రకం) ఆర్థిక దుస్థితి గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు దుఃఖం ఆగలేదు.

మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ఆ టీము ఆడే బిగ్ టెన్ అనే యూనివర్సిటీల కూటమి 2022లో టీవీ కంపెనీలతో ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాట. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దు, ఆరోగ్యానికి మంచిది కాదు. ఇవన్నీ చట్టం దృష్టిలో లాభాపేక్ష లేని విద్యాసంస్థలు. ఆ మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. లాభం మీద వాళ్లకు నిజంగానే అపేక్ష లేదు. లాభం మిగిలితే లెక్క చెప్పాల్సి వస్తుంది కాబట్టి మిగలనివ్వరు.

మిగలకుండా చెయ్యడం తేలికేం కాదు. దానికో పద్ధతుంది. ముందు ఒక కోచ్‌ని తెచ్చి పదేళ్ల ఒప్పందం రాసిస్తారు. అతను గెలిపించడు. అప్పుడు అతన్ని వెళ్లిపొమ్మని చెప్పి, వెళ్లినందుకు డబ్బిస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2023 నవంబరులో జింబో ఫిషర్ అనే కోచ్‌ని తీసేసింది. పని చెయ్యకుండా ఉన్నందుకు ఆయనకు దక్కే మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు. 2031 దాకా వాయిదాల్లో అందుతుంది. మా ఊళ్లో రిటైరైన హెడ్మాస్టరు పెన్షన్ ఎరియర్స్ కోసం ట్రెజరీ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరగ్గొట్టుకున్నాడు. ఆయన చేసిన పొరపాటు సరిగ్గా పని చెయ్యడం.

నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. 2022 సెప్టెంబరులో జార్జియా సదరన్ అనే చిన్న టీముని తమ ఊరొచ్చి ఆడమని 14 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి పిలిచారు. పెద్దవాళ్లు డబ్బిచ్చి చిన్నవాళ్లని పిలవడం, చితక్కొట్టి పంపడం అక్కడి ఆనవాయితీ. ఆ చిన్న టీము వచ్చి 45-42 స్కోరుతో వీళ్లనే చితక్కొట్టి, చెక్కు జేబులో వేసుకుని వెళ్లిపోయింది. డబ్బిచ్చి తన్నించుకోవడం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా మన పెద్దలు కూడా చూపించలేదు. కోపమొచ్చి మర్నాడే కోచ్‌ని తీసేశారు. ఇవ్వాల్సింది కోటిన్నర డాలర్లు. అక్టోబరు 1 దాకా ఓపిక పడితే అందులో సగంతో పోయేది. మూడు వారాల ఓపిక ఖరీదు 75 లక్షల డాలర్లు.

ఇంత ఖర్చున్నప్పుడు టికెట్ల మీద పిండుకోక తప్పదు కదా. పెద్ద టీముల దగ్గర మంచి సీటు ఊరికే అమ్మరు. ముందు విరాళం ఇవ్వాలి. ఇస్తే టికెట్టు కొనుక్కునే హక్కు వస్తుంది. తరవాత టికెట్టు కొనుక్కోవాలి. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకి పదివేలిచ్చి బ్రేక్ దర్శనం టికెట్టు తీసుకున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. కాకపోతే అక్కడ దేవుడు కనిపిస్తాడు, వచ్చేటప్పుడు లడ్డూ ఉంటుంది. పైగా 2017 చివర్లో చట్టం మారేదాకా ఈ విరాళంలో 80 శాతానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండేది. విద్యాదానం కదా మరి! టెనెసీ యూనివర్సిటీ అయితే 2025 సీజన్ టికెట్ల మీద 10 శాతం "టాలెంట్ ఫీజు" వేసింది. ఆటగాళ్లకి డబ్బులివ్వాల్సిన రోజులు వచ్చాయి కాబట్టి, దానికట.

ఇదంతా డబ్బున్న టీముల గోల. నాకు అసలు నచ్చిన కథ వేరే. దాన్ని తలుచుకోకుండా ఈ మధ్య నేను నిద్రపోవడం లేదు.

అదే మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అని ఊరు. అందులో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ. లక్షమంది పట్టే ఆ మహా స్టేడియం పక్క ఊళ్లోనే ఉంది. డీమార్ట్ పక్కన కిరాణా కొట్టు పెట్టుకున్నట్టన్నమాట. వీళ్ల స్టేడియంలో ముప్పైవేల సీట్లు, సగం నిండటమే గగనం. అయితే దేశంలో పై డివిజన్‌లో ఉండాలంటే ఒక నియమం ఉండేది. సగటున 15,000 మంది ప్రేక్షకులు రావాలి, కనీసం రెండేళ్లకొకసారైనా. మనుషులు లేరే, ఎలా? నియమం రాసిన మహానుభావులు అందులోనే చిన్న సందు వదిలారు. మనుషులు రాకపోయినా పర్వాలేదు, టికెట్లు అమ్ముడైతే చాలు.

యూనివర్సిటీకి పెప్సీ వాళ్లతో కూల్‌డ్రింకుల ఒప్పందం ఉండేది. ఆ డబ్బులోంచి లక్షన్నర డాలర్లు తీసి, టికెట్టు మూడు డాలర్ల లెక్కన, తన టికెట్లు తనే కొనుక్కుంది.

ఆ కౌంటరు దగ్గరి దృశ్యం నా కళ్లముందు కదులుతూనే ఉంటుంది. లోపల ఒక గుమస్తా. బయట, అదే ఆఫీసులో పక్క టేబులు గుమస్తా.

"ఎన్ని కావాలండీ?"

"యాభైవేలు."

"పక్కపక్క సీట్లే ఇమ్మంటారా?"

"ఎక్కడివైనా ఫర్వాలేదు. కూర్చునేవాళ్లెవరూ లేరు."

"ఎండ తగలని వైపు ఇస్తాను లెండి."

సాయంత్రం ఇద్దరూ క్యాషు లెక్క చూస్తారు. ఈ డబ్బు ఎక్కడికి పోయింది? మన దగ్గరికే. ఎక్కణ్ణుంచి వచ్చింది? మన దగ్గర్నుంచే. ఖర్చుల పుస్తకంలో ఒక లైను, జమల పుస్తకంలో ఒక లైను. ఇద్దరూ చెరో పెప్సీ తాగి ఇళ్లకు వెళ్తారు. శనివారం మైకులో హాజరు ప్రకటిస్తారు. గ్యాలరీలో పావురాలు ఉలిక్కిపడి చుట్టూ చూసుకుంటాయి, ఇంతమంది మనమేనా అని.

తెలుగువాడిగా నేను దీనికి ఆశ్చర్యపోకూడదు. లోపల నలుగురు కునుకు తీస్తుంటే బయట హౌస్‌ఫుల్ బోర్డు వేలాడదీసిన జాతి మనది. అభిమానులు చందాలేసుకుని, ఖాళీ థియేటర్లో నాలుగో ఆట నడిపించి వందరోజుల పోస్టరు వేయించుకున్న ఊళ్లు నాకు తెలుసు. కానీ ఆ చందా వాళ్ల జేబులోది. థియేటరు పక్కనున్న కాలేజీ పిల్లల ఫీజులో కలిపి ఎవరూ వసూలు చెయ్యలేదు.

2016లో అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు కలిసి, ఈ స్థాయి ఫుట్‌బాల్ మనకొద్దు, పిల్లల డబ్బు దానికి పొయ్యొద్దు అని నివేదిక ఇచ్చారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. చివరికి 2023లో 15,000 మంది ఉండాలన్న నియమాన్నే తీసేశారు. ఇక టికెట్లు కొనుక్కునే శ్రమ కూడా లేదు.

పేదవాళ్లే ఇలా చేస్తారనుకోకండి. పైన చెప్పిన నెబ్రాస్కాలోనే 1962 నుంచి ప్రతి మ్యాచూ హౌస్‌ఫుల్ అని రికార్డుంది. 2021లో టికెట్లు మిగిలిపోతే దాతలు కొనేసి రికార్డు కాపాడారు. 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక దేశంలోని చాలా యూనివర్సిటీల్లో గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్లు లెక్కపెడితే, ప్రకటించిన హాజరులో అవి సగటున 71 శాతమే తేలాయి. నూటికి ఇరవై తొమ్మిది మంది ఆత్మలు. అలబామా యూనివర్సిటీలో మరో సమస్య వచ్చింది, టీము మరీ సులువుగా గెలిచేస్తోందని పిల్లలు మధ్యలో లేచి పోయేవారు. అందుకని 2019లో యాప్ పెట్టారు. స్టేడియంకి వస్తే 100 పాయింట్లు, ఆటలో ఆఖరి భాగమైన నాలుగో క్వార్టరు దాకా కూర్చుంటే 250. పిల్లాడు కుర్చీలో ఉన్నాడో లేదో ఫోన్ చెప్పేది. క్లాసుకు వచ్చాడో లేదో అంత ప్రేమగా ఎవరూ అడిగినట్టు లేదు.

షికాగో యూనివర్సిటీ మాత్రం 1939లో, చదువుకి దీనికీ సంబంధం లేదని పెద్ద ఫుట్‌బాల్ మానేసింది. 1942 డిసెంబరులో ఆ ఖాళీ స్టేడియం గ్యాలరీ కింద ఫెర్మీ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం ప్రపంచంలో మొదటిసారిగా, తనంతట తానే సాగే అణు శృంఖల చర్యని (చైన్ రియాక్షన్) నడిపించింది. ఖాళీ గ్యాలరీని వాడుకోవడం వచ్చినవాళ్లూ ఉన్నారని చెప్పడానికి అన్నానంతే.

ఇక్కడితో నా నవ్వు అయిపోయింది. వర్జీనియాలో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో ఒక్కో విద్యార్థి అథ్లెటిక్స్ కోసం ఏడాదికి 2,000 డాలర్లకు పైగా కట్టాడు. దేశమంతటా కాలేజీ ఆటగాళ్లకి దశాబ్దాలపాటు స్కాలర్‌షిప్పులే తప్ప జీతంగా పైసా ఇవ్వలేదు. బేగెల్ రొట్టె ఇవ్వొచ్చు, దానిమీద క్రీమ్ చీజ్ రాస్తే నేరమని నియమం రాసుకున్న పెద్దమనుషులు ఈ కాలేజీ ఆటలు నడిపేవాళ్లు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే దారి పడగానే, డబ్బు లేదు బాబోయ్ అన్నారు. ఆ ఏడాదే క్లెమ్సన్ యూనివర్సిటీ సెమిస్టరుకు 150 డాలర్ల కొత్త ఫీజు పెట్టింది. కోచ్‌కి ఇంట్లో కూర్చున్నందుకు కోట్లు ఉంటాయి, ఆడేవాడికి ఇచ్చేటప్పుడు మాత్రం పక్కబెంచీ పిల్లాడి జేబు తడుముతారు. టికెట్టంటే నచ్చితే కొనేది. నచ్చకపోయినా, రాకపోయినా, బిల్లులో కలిపి లాగేదాన్ని మా ఊళ్లో టికెట్టనరు. దోపిడీ అంటారు. సిగ్గులేని దోపిడీ. వారానికి ఇరవై గంటలకు మించి పని చెయ్యకూడదని వీసా నిబంధనల్లో రాసిపెట్టి, ఆ ఇరవై గంటల్లోంచి కూడా చెయ్యిపెట్టి తీసుకుంటారా?

ఇదే మాట ఫోన్‌లో అరిచాను. వాడు నెమ్మదిగా, "ఫీజు కట్టినందుకు ఫ్రీ టికెట్ ఇస్తారు మావయ్యా, యాప్‌లో నొక్కితే చాలు" అన్నాడు.

"మరి వెళ్లట్లేదు కదరా!"

"నొక్కుతాను. టికెట్ తీసుకుంటే కూపనొస్తుంది, కాఫీకి."

పోయిన శనివారం అక్కడ మ్యాచ్ జరిగింది. టీము ఓడిపోయింది. హాజరు బ్రహ్మాండంగా ప్రకటించారట. అందులో మావాడూ ఉన్నాడు. ఆ సమయానికి డైనింగ్ హాల్లో ట్రేలు కడుగుతున్నాడు.