సర్వీస్ చార్జి గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ సర్వీస్ చార్జి గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని తెలుసు. నిన్న రాత్రే బిల్లులో చూశాను. 184 రూపాయలు, పుష్టిగా ఉన్నారు.

విశాఖ నుంచి వియ్యాలవారు వచ్చారని హోటలుకు తీసుకెళ్ళాం. తిన్నది 1840కి. దాని మీద పది శాతం తమరు. తమరి మీద మళ్ళీ జీఎస్టీ, 9 రూపాయల 20 పైసలు. అడక్కుండానే మూత తీసేసిన నీళ్ళ సీసా సంగతి నేనెత్తను. సోంపు గిన్నెలో పటికబెల్లం కరువైన సంగతీ ఎత్తను.

నా బాధల్లా ఆ 184.

తమర్ని వాళ్ళంతట వాళ్ళు బిల్లులో కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. వేరే పేరు తగిలించినా కుదరదంది, తమర్ని కలిపి జీఎస్టీ వెయ్యకూడదంది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఇవన్నీ మేనేజరుకు ఒడియాలో చెప్పాను. ఒడియాలో నాకు ధైర్యం ఎక్కువ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని కూడా అన్నాను. "పోనిద్దురూ, వియ్యపురాలు చూస్తోంది" అంది మా ఆవిడ, తెలుగులో. నోరు మూసుకుని కార్డు గీకాను. ఎదురుగా వియ్యాలవారున్నారో లేదో చూసుకునే తమరు బిల్లెక్కుతారని నా అనుమానం.

పోనీలే, వడ్డించినవాడికి చేరుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పటిదాకా ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటున్న ఆ కుర్రాడు చేతులు కడుక్కునే చోట మా మాటలు విని తెలుగులోకి దిగాడు. ఇచ్ఛాపురమట. "అందులో మాకేటీ రాదు బాబూ. అంతా ఓనరు గారికే."

ఏటీ రాదట! మూడుసార్లు దాల్మా మారు వడ్డించింది వాడు. వియ్యంకుడి గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే పరుగున అన్నం ముద్ద తెచ్చింది వాడు. మధ్యలో తమరెవరండీ? ఏ గిన్నె మోశారు? ఏ బల్ల తుడిచారు? సిగ్గులేదూ నీకు? వాడి పేరు చెప్పి వసూలు చేసుకుని, వాడికి టిప్పు బాకీ మళ్ళీ నా నెత్తినే పెడతావా? ఆ 184 ఏదో కూర ధరలోనే కలిపి వాడికి సరైన జీతమిమ్మను, కిక్కురుమనకుండా కడతాను. మెనూ చూసి ముందే భయపడొచ్చు కదా, తిన్నాక కాకుండా.

మేనేజరు అటు తిరిగినప్పుడు కుర్రాడి చేతిలో యాభై పెట్టాను. జేబులో వేసుకోలేదు, చొక్కా చేతి మడతలో దోపుకున్నాడు. టిప్పులన్నీ కౌంటరు మీది డబ్బాలోనే వెయ్యాలట. ఆ డబ్బా తాళం ఎవరి దగ్గరుంటుందో నేను అడగలేదు.

ఇట్లు,
ఆ 9 రూపాయల 20 పైసలు కూడా ఇంకా మరిచిపోని
తమ విధేయుడు