మహారాజశ్రీ డీపీఆర్ గారి సముఖానికి

అయ్యా,

రోడ్డు ఆగిపోయాక కూడా ఇంకా నడవాల్సినంత దూరంలో ఉన్న నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టాలంటే ముందు పుట్టేది మీరే, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్). ఆనకట్ట ఎత్తు, సొరంగం పొడవు, యూనిట్ ధర, గడువు అన్నీ మీ పొట్టలోనే ఉంటాయి. మిమ్మల్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు. అందరూ సారాంశమే చదువుతారు, అందులోనూ మెగావాట్లున్న పేరా.

మీ లెక్క మాత్రం ముచ్చటగా ఉంటుంది. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగితే, యంత్రాల్లో పోయింది పోగా 900 కిలోవాట్లకు కాస్త తక్కువగా కరెంటు వస్తుంది. ఎత్తుతో పేచీ లేదు, కొండ కదలదు కాబట్టి (అని మీ నమ్మకం). పేచీ అంతా నీటితోనే. ఏ నెలలో ఎంత వస్తుందో చెప్పాలంటే ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలుండాలి. మారుమూల నదికి అవెక్కడివి? అందుకని పక్క లోయలోని నది రికార్డు తెచ్చి, పరీవాహక ప్రాంతాల విస్తీర్ణంతో హెచ్చవేసి, భాగించి దీనికి అంటగడతారు. పక్కింటబ్బాయి మార్కుల లిస్టు చూపించి మావాడికి సీటివ్వమన్నట్టు.

ఈ నదికీ ఒక స్కేలు ఉందిలెండి. ఒడ్డున బండకు బిగించిన గీతల పలక, చూసి రాసుకోవడానికి ఒక మనిషి. మామూలు రోజుల్లో ఆయన చక్కగా రాస్తాడు. పెద్ద వరద వచ్చిన రాత్రి ఆ పలకే కొట్టుకుపోతుంది. ఆనకట్టకు అన్నిటికంటే అవసరమైన అంకె ఉండాల్సిన గడిలో చిన్న అడ్డగీత మిగులుతుంది. మీలో అచ్చయ్యేసరికి ఆ అడ్డగీత నున్నటి గ్రాఫ్ అయిపోతుంది.

ఇక రాయి సంగతి. డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీలను చెక్కపెట్టెల్లో వరసగా పేరుస్తారు. రాయి నుజ్జునుజ్జై ఏమీ పైకి రాని చోట, ఆ ఖాళీలో ఒక చెక్కముక్క పెట్టి ఎంత మేర పోయిందో రాస్తారు. తర్వాత తవ్వేటప్పుడు సొరంగంలోకి నీళ్లు పొంగినా, కప్పు కూలినా దానికి మీవాళ్లు పెట్టిన ముద్దుపేరు 'జియలాజికల్ సర్‌ప్రైజ్'. సర్‌ప్రైజ్ ఏముందండీ ఇందులో? చెక్కముక్క అప్పుడే చెప్పింది.

అస్సాం, అరుణాచల్ సరిహద్దులో 2000 మెగావాట్ల దిగువ సుబన్‌సిరి జలవిద్యుత్ ప్రాజెక్టు మీకు బంధువే కదా. 2005లో పనులు మొదలయ్యాయి. ఆ చోటు అంత పెద్ద ఆనకట్టకు తగదని గువాహటి ఐఐటీ, గౌహతి, దిబ్రూగఢ్ విశ్వవిద్యాలయాల నిపుణులు 2010లో చెప్పారు. 2011 చివర్లో దిగువన ఉన్న జనం అడ్డంపడితే ఆగిన పనులు మళ్లీ 2019లో గానీ కదల్లేదు. సుమారు 6,285 కోట్ల రూపాయలన్న అంచనా ఇరవై వేల కోట్లు దాటింది. అప్పటికి మాత్రం ఆపేదెవరు? నిండా మునిగాక చలేమిటి!

అరుణాచల్‌లోని దిబాంగ్ కథ ఇంకా ముచ్చట. ఆ 2880 మెగావాట్ల ప్రాజెక్టుకు 2008 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. పర్యావరణ అనుమతి వచ్చింది 2015లో. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

సిక్కింలోని తీస్తా-3 గురించి మాత్రం వెటకారం ఆడలేను. 2023 అక్టోబరు 4న పైన దక్షిణ ల్హోనాక్ హిమానీ సరస్సు తెగింది. ఆ వరదకు చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల కేంద్రపు ఆనకట్ట కొట్టుకుపోయింది. దిగువన ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ సరస్సు ప్రమాదకరమని శాస్త్రవేత్తలు అంతకుముందే రాశారు. అది వేరే రిపోర్టు, మీ షెల్ఫ్ కాదు.

నీటి కరెంటే వద్దని నా వాదన కాదు. పొద్దుగూకి సోలార్ చల్లబడగానే నిమిషాల్లో అందుకునేది అదే. నాకు కావలసింది చిన్న సాయం. మీ పట్టికల్లో ప్రతి అంకె పక్కన ఇంకొక గడి గీయించండి. అది కొలిచిన అంకేనా, పక్క నది నుంచి అప్పు తెచ్చిందా, ముందే అనుకున్న మెగావాట్లకు సరిపడేలా వెనక్కి లెక్కకట్టిందా అన్న ఒక్క ముక్క అందులో రాస్తే చాలు. ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఊళ్లో వాళ్లకు సారాంశం బదులు ఆ గడి చదివి వినిపించండి, వాళ్లకు అర్థమయ్యే భాషలో. మీ బరువు కాస్త పెరుగుతుంది, ఎలాగూ మిమ్మల్ని మోసేది మీరు కాదు కదా.

ఇట్లు,
కరెంటు బిల్లు కట్టే ఒక పౌరుడు

తా.క.: నిర్మాణ గడువును మీరు 'జీరో డేట్' నుంచి ఇన్ని నెలలని లెక్కిస్తారు. ఆ జీరో డేట్ ఏ క్యాలెండర్‌లో ఉంటుందో తెలియజేస్తే ఒకటి కొనుక్కుంటాను.