పొద్దుగాల పార్కుల స్పీకర్ పాటలెందుకు?

పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకనే పిట్టల టైం. పాలమూరు పార్కులల్ల అది గూడ దక్కనిస్తలేరు. జేబుల ఫోన్ పెట్టి స్పీకర్ల పాటలు మోగించుకుంట తిరుగుతరు.

లకుముకి పిట్ట మళ్ళమళ్ళ ఒకే కొమ్మకొస్తది. పొద్దు ఈపుకు పెట్టుకొని పావుగంట కదలకుండ కూసుంటే, కెమెరా షటర్ సెకండ్ల 1/2500 వంతుకు పెడితే, నీళ్లల్ల దుంకేది ఫోటోల దొరుకుతది. పాట దగ్గరికొచ్చిందా, అంతే, ఆవలి ఒడ్డుకు.

అంతకన్న పాపం, ఫోటో కోసమని ఫోన్ల పిట్టకూత పెట్టుడు. పిగిలిపిట్ట గూడు నడుమెత్తు పొదల ఉంటది, చిన్న గిన్నె లెక్క. అండ్ల గులాబిరంగు మీద ఎర్రచుక్కల గుడ్లు రెండో మూడో. ఫోన్ల కూత ఇని, ఇంకో పిట్ట జొరబడ్డదనుకొని అది గూడిడిచి ఉరికొస్తది. గా సందుల కాకి గుడ్లెత్కపోతది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకోండ్రి. గుడ్ల కాలంల ఆ కూతలు మొత్తానికే బంద్ జేయుండ్రి.