కద్దనువారికి కద్దు

మహారాజశ్రీ ‘ఇంతకంటే మంచి రికార్డింగు’ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మిమ్మల్ని నేనెప్పుడూ వినలేదు. మీ గురించి వినని ఆదివారం మాత్రం లేదు. ఉన్నాడనేవాళ్ళకి ఉన్నాడని త్యాగరాజస్వామి తోడి రాగంలో పాడింది రాముడి గురించే కావచ్చు. మా సంగీతం బ్యాచిలో ఆ మాట మీకే ఎక్కువ అతుకుతుంది.

మా బ్యాచి అంటే ఆరేడుగురం. నెలకి రెండు ఆదివారాలు హైదరాబాదులో ఎవరో ఒకరింట్లో కూర్చుంటాం. తలా ఒకటి, తమకి బాగా ఇష్టమైన రికార్డింగు తెచ్చి వినిపించాలి. విన్నాక మాట్లాడుకోవాలి. రాసుకున్న నియమం అంతే. వినకముందే మాట్లాడటం, వింటూ మాట్లాడటం, విన్నది వదిలేసి మీ గురించి మాట్లాడటం రాసుకోని నియమాలు.

మొన్న నా వంతు వచ్చింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ వినిపించాను. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు నుంచి ఎవరో పుణ్యాత్ములు ఎక్కించింది. ఆ ప్లేటుకి ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకి మించి పట్టదు. ఆ కాస్త జాగాలోనే రాగం మొహం చూపించాలి, కీర్తన వాయించాలి, సూది లోపలి గీత చేరేలోపు ముగించాలి. బయట పెళ్ళివారి బస్సు హారన్ కొడుతుంటే, విస్తట్లో అన్నీ తిని, ఒక్క మెతుకు కింద పడకుండా లేచిన పెద్దమనిషిలా వాయించారాయన. అయిపోయాక గదిలో అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. నాకు ఒళ్ళు పులకరించింది. అప్పుడు మూల కుర్చీలోంచి మీరు లేచారు.

‘‘బాగుంది గానీ...’’

ఆ ‘గానీ’ చెవిన పడితే చేతిలో కాఫీ దానంతటదే చల్లారిపోతుంది.

‘‘...ఇదే కీర్తన ఆయన విజయనగరంలో ఒకరింట్లో వాయించారండీ. అరగంట. అది విన్న చెవులకి ఇది ఆనదు.’’

‘‘మీ దగ్గరుందా సార్?’’

‘‘నా దగ్గరెక్కడిది? ఉన్నాయన దగ్గర విన్నాను.’’

‘‘ఆయనెక్కడుంటారు?’’

‘‘పోయారు.’’

మీ అవతారాలు ఒకటా రెండా? బాలమురళీకృష్ణ గారిది వేస్తే, ఆయన విజయవాడ రేడియోలో ఉద్యోగం చేసిన రోజుల్లో పాడిన టేపుగా వెలుస్తారు. వోలేటి వెంకటేశ్వర్లు గారిది వేస్తే, అదే స్టేషన్లో రికార్డింగు ముగిసి మైకు కట్టేశాక పాడినదిగా వెలుస్తారు. మైకు కట్టేస్తే టేపులోకి ఎలా ఎక్కిందని ఒక కొత్త సభ్యుడు అడిగాడు. అతన్ని మేము మళ్ళీ పిలవలేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు 1966లో ఐక్యరాజ్యసమితిలో పాడినది వేస్తే, అంతకు ముందురోజు సాధన చేసుకున్నదే అసలు కచేరీ అంటారు మీ తరఫు లాయర్లు.

పోనీ ఊరూ పేరూ అయినా చెబుతారా అంటే అదీ లేదు. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకుంది. ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి, ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. ఆ మాత్రం ముందుచూపు మీకు లేదు. మీ ఒంటి మీద ఉండేదల్లా కాసెట్ అట్ట మీద బాల్‌పెన్నుతో రాసిన ‘తోడి – సూపర్’. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి తర్వాత మా ఆదివారాల్లో పుడతాయి.

ఆ పుట్టించడంలో మా ఇంజనీరు గారిది అందెవేసిన చెయ్యి. రైల్వేలో రిటైరయ్యారు. పాడేవాళ్ళ శ్రుతి ఎంత ఎత్తులో ఉందో విని సంవత్సరం చెప్పేస్తారు. ‘‘ఇందులో ఒకటో శ్రుతికి దిగారు చూడండి, అంటే గొంతు బరువెక్కాక పాడింది, చివరి రోజులు’’ అంటారు. నిజానికి ఎవరో బెల్టు సాగిన డెక్కులో కాసెట్ ఆడించి కాపీ చేసుంటారు. మోటారు నెమ్మదిగా తిరిగితే ఒకటిన్నర శ్రుతి ఒకటవుతుంది, పాట నిడివీ పెరుగుతుంది. పాడినాయనకి వయసు మీరలేదు, రబ్బరు బెల్టుకి మీరింది. ఆ ముక్క ఎవరైనా అంటే ఇంజనీరు గారు రెండు వారాలు ఫోన్ ఎత్తరు. సౌండు సిస్టమ్ గురించే మాట్లాడే ఇంకో సభ్యుడున్నాడు గానీ, అతని గురించి రాస్తే కేబుళ్ళ ధరలు రాయాలి, వద్దు. నాలుగు చేతులు మారిన కాసెట్‌ని అతను ఈమధ్యే ‘లాస్‌లెస్’లోకి మార్చాడు. గరగరలో ఒక్క రవ్వ కూడా పోలేదట.

నేనేదో పత్తిగింజనని అనుకోకండి. పోయిన వేసవిలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఈమని శంకరశాస్త్రి గారి వీణ తెచ్చాడు. వినిపిస్తున్నంతసేపూ మా మొహాలే చూశాడు పాపం. అయిపోగానే నా నోట్లోంచి ‘‘బాగుంది గానీ’’ అని వచ్చింది. నా దగ్గర అంతకంటే మంచిది ఏదీ లేదు. అయినా వచ్చింది. ఆవలింత లాంటిది మీ జబ్బు, పక్కవాడికుంటే చాలు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను.

పోయిన ఆదివారం ఇంజనీరు గారింట్లో కూర్చున్నాం. నేను త్యాగరాజస్వామి వారి ‘ఆరగింపవే’ తెచ్చాను. అదీ తోడి రాగమే. రాముణ్ణి పాలు తాగమని బతిమాలే కీర్తన. పాడిన విద్వాంసుడి పేరు రాయను. రాస్తే ఈ ఉత్తరం కింద కూడా మీరు ప్రత్యక్షమవుతారు. అందరూ విన్నారు. ‘గానీ’ వచ్చింది. ఈసారి మాత్రం ఇంజనీరు గారు అక్కడితో ఆగకుండా లేచి, బీరువా తాళం తీసి, పంచెల అడుగు నుంచి ఒక కాసెట్ బయటికి తీశారు. వెనకాల బుడిపెలు విరిచేసి ఉన్నాయి, పొరపాటున కూడా దాని మీద ఇంకోటి ఎక్కకుండా. చిటికెనవేలు పంటిచక్రంలో పెట్టి వదులు టేపు బిగించారు.

‘‘1965, మద్రాసులో సభ. ముందు వరసలో ఒకాయన స్పూల్ టేపు పెట్టుకుని రికార్డు చేశాడు. ఇది దాని కాపీ. మొత్తం దేశంలో రెండో మూడో ఉంటాయి’’ అన్నారు.

తమరే! నలభై ఏళ్ళ తర్వాత దర్శనం. నేను లేచి కూర్చున్నాను.

ముందు గరగర. వెనకాల సన్నగా ఒక కూత. ‘‘సభలో ఫ్యాను’’ అన్నారు ఇంజనీరు గారు. రాత్రిపూట మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడితే వచ్చే కూత అది. రేడియోతో పెరిగినవాడికి చెప్పక్కర్లేదు. నేనేమీ అనలేదు. తోడి ఆలాపన మొదలైంది. గాంధార స్వరం దగ్గర పాడుతున్నాయన నిలబడి, దాన్ని ఊపి ఊపి, వదలబోతుండగా ఒక గొంతు వినిపించింది. బరువుగా, దూరంగా.

‘‘పాలు... తోడు...’’

ఆ తర్వాత మాట గరగరలో కలిసింది. ఇంజనీరు గారు టక్కున ఆపేశారు. కళ్ళు మెరుస్తున్నాయి.

‘‘విన్నారా? పాలు, తోడి! కీర్తన ఇంకా ఎత్తుకోనేలేదు. ఆలాపన వింటూనే, రాబోయేది పాల కీర్తనని పట్టేశాడు. కీర్తననీ రాగాన్నీ రెండు మాటల్లో చెప్పేశాడు. ఎవరో మహావిద్వాంసుడై ఉంటాడు. ఆ రోజుల్లో వినేవాళ్ళు అలా ఉండేవాళ్ళండీ!’’

అందరూ తలలూపారు. నాకు మాత్రం మెడ కదల్లేదు.

ఆ గొంతు మా అమ్మది.

1982. బెజవాడలో మా ఇల్లు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఢిల్లీ నుంచి జాతీయ సంగీత కార్యక్రమం. నేను పదో తరగతి. పక్కింటివాళ్ళ టేప్ రికార్డర్ బతిమాలి తెచ్చి, స్టూలు మీద రేడియో ముందు పెట్టి, ఇంట్లో అందరికీ నోటి మీద వేలేసి చూపించాను. నాన్న దగ్గు కూడా వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చారు. సరిగ్గా ఆ గాంధారం దగ్గర వంటింట్లోంచి అమ్మ మా అక్కని అడిగింది, ‘‘పాలు తోడుపెట్టావుటే?’’ అని.

ఆ రాత్రి అమ్మతో పెద్ద గొడవ పడ్డాను. అన్నం తినలేదు. కాసెట్ చెడిపోయిందనుకుని, ఇంకోటి కొనడానికి డబ్బుల్లేక, అదే ఉంచుకున్నాను. రెండేళ్ళకి మా మావయ్య స్నేహితుడు కాపీ చేసుకుని ఇస్తానని తీసుకెళ్ళాడు. తిరిగిచ్చిన డబ్బాలో వేరే కాసెట్ ఉంది. ఆ తర్వాత మీ ప్రయాణం ఎన్ని డెక్కుల మీదుగా సాగిందో నాకు తెలియదు. ఎన్ని బెల్టులు సాగాయో మాత్రం అమ్మ గొంతు చెబుతోంది. అసలే కంచు గొంతు, ఇప్పుడు మహావిద్వాంసుడి స్థాయికి దిగింది.

కచేరీ కాదని, రేడియో అని, అది పెరుగు సంగతని చెబుదామని నోరు తెరిచాను. ఇంజనీరు గారి మొహం చూసి మూసుకున్నాను. కాస్త తేరుకుని, ‘‘సార్, నాకొక కాపీ ఇస్తారా?’’ అన్నాను.

‘‘ఏమీ అనుకోకండి. ఎవరికీ ఇవ్వనని ఇచ్చినాయనకి మాటిచ్చాను’’ అన్నారు. కాసెట్ మళ్ళీ పంచెల కిందికి వెళ్ళింది. తాళం పడింది.

అందుకని తమరికి నా విన్నపం ఇది. తమరి వయసు 1965 నుంచే లెక్కపెట్టుకోండి, అభ్యంతరం లేదు. ముందు వరసలో మహావిద్వాంసుణ్ణి కూర్చోబెట్టుకోండి, అమ్మ ఉంటే పడీ పడీ నవ్వేది. ఈసారి బీరువా లోంచి బయటికి వచ్చినప్పుడు మాత్రం ఆ ‘తోడు’ దగ్గర ఆగకుండా ఇంకో అయిదారు సెకన్లు తిరగండి. అక్క ఏదో జవాబు చెప్పింది. ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. నిన్న అక్కకే ఫోన్ చేసి అడిగాను.

‘‘పెట్టే ఉంటాన్లేరా. అప్పటి పెరుగు సంగతి ఇప్పుడెందుకురా నీకు?’’ అంది.

ఇట్లు,
కాపీ లేని మీ కన్నతండ్రి